విచారమునకు విచారణ

క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దిలో, రెండు సముద్రముల సరకులు వచ్చి చేరెడి కొరింథు నగరమున, అంగడికి సమీపమున నొక గది తీసికొని, దుఃఖితులను మాటలచేతనే స్వస్థులను జేయగలనని ప్రకటించి, వచ్చినవారిని వారి శోకమునకు కారణమేమో అడిగి తెలిసికొని ఊరడించిన ఆంటిఫోను అనువాని వృత్తాంతము, ప్లూటార్కు పేరిట ప్రచారమందున్న యొక ప్రాచీనగ్రంథమున రెండు మూడు వాక్యములలో కానవచ్చును. వైద్యుని ఔషధముగాని, పురోహితుని శాంతికర్మగాని, జ్యోతిష్కుని గ్రహఫలముగాని కాక, కేవలము సంభాషణచేత మనుష్యుని వ్యథను కుదుర్పవచ్చుననియు, అందులకొక స్థలమును ఒక వృత్తిమర్యాదయు నుండవచ్చుననియు పాశ్చాత్యలోకమున సాహసించి చెప్పినవారిలో మనకు తెలిసినంతవర కీతడే మొదటివాడు. ఆ పని తన యోగ్యతకు చాలదని తలచి ఆంటిఫోను తరువాత దానిని విడిచి వక్తృత్వవిద్యకు మరలెనని ఆ గ్రంథమే చెప్పుచున్నది. నాకు మాత్రము, న్యాయస్థానములలో గెలుపు సంపాదించి పెట్టు విద్యకంటె, ఏడ్చుచు వచ్చిన బాటసారిని నీ కేమైనదని యడుగు విద్య తక్కువదని తోచదు. ఆ యెన్నికలో లోకము నష్టపోయినదనియే తోచును.

సోక్రటీసును ఈ వృత్తికి మూలపురుషునిగా నెంచుట పరిపాటి. నే నంతగా ఒప్పుకొనజాలను. ఎథెన్సు వీథులలో ఎదురైనవారి నెల్ల నిలిపి ధైర్యమన నేమి, ధర్మమన నేమి యని యాయన ప్రశ్నించిన మాట నిజమే. కాని ఆ ప్రశ్నలు ఆయన వెదకికొని పోయి వేసినవే గాని, బాధితులు తమ భారము దించుకొనుటకై ఆయన గుమ్మము త్రొక్కినందున పుట్టినవి గావు. ప్రశ్నించు పద్ధతి ఆయన సొత్తు. దానిని చికిత్సగా మలచినవారు తరువాతివారు.

అట్టివారిలో ఎపిక్యూరసు ముఖ్యుడు. క్రీ.పూ. 306 ప్రాంతమున ఎథెన్సు చేరి, 80 మినాల వెల కొక తోటను కొని, స్త్రీలకును బానిసలకును గూడ అందు ప్రవేశమిచ్చి, మిత్రమండలితో గలిసి నివసించిన ఆ మహనీయుడు, మృత్యుభయమును దైవభయమును తొలగింపలేని తత్త్వశాస్త్ర మెందులకని నిక్కముగా నమ్మినవాడు. ఆ తోటలో తమ లోపములను, భయములను దాపరికము లేక చెప్పుకొనుట ఆచారముగా నుండెను. చెప్పువాడును వినువాడును ఎట్లు మెలగవలెనో వివరించుచు ఫిలోడెమసు అను ఎపిక్యూరసు మతానుయాయి క్రీ.పూ. మొదటి శతాబ్దిలో ఒక గ్రంథమే వ్రాసెను. క్రీ.శ. 79లో వెసూవియసు పర్వతము బ్రద్దలై హెర్క్యులేనియము పట్టణమును కప్పివేసినపుడు, సముద్రతీరమందలి యొక భవనములోని పుస్తకములతోబాటు అదియు బొగ్గై, పదునెనిమిదవ శతాబ్ది నడుమ త్రవ్వకములలో బయల్పడి, ఛిన్నాభిన్నముగ మనకు దక్కినది. మిగిలిన ముక్కలను చదివినచో, రెండువేల యేండ్లనాడే ఈ పని యెంత సూక్ష్మముగ ఆలోచింపబడినదో తెలియును. అందరికి ఒకే మాట పనికిరాదు. మృదుస్వభావునితో ఒక విధముగ, మొండివానితో వేరొక విధముగ మాటాడవలెను. మందలింపులో మెప్పును కలుపవలెను. ఒకమారు ఫలింపలేదని విసిగి వదలివేయక, వైద్యుడు మరల మందిచ్చినట్లు మరల ప్రయత్నింపవలెను. వృద్ధులును, కీర్తిమంతులును నిష్కపటమైన మాటను ఎందులకు సహింపలేరో గురువు ముందే గ్రహించి యుండవలెను. ఉపదేశగ్రంథములు లోకమున కోకొల్లలు. ఉపదేశించుటలోని కష్టమును గూర్చి వ్రాసినవి మిక్కిలి తక్కువ, కావుననే ఈ కాలిన గ్రంథము నాకు పూజ్యమైనది.

ఆ మతమువాడే మరియొకడు, నేటి టర్కీదేశపు నైరృతిభాగమున ఓయినోఆండా యను చిన్నపట్టణమున నుండిన డయోజినీసు, క్రీ.శ. రెండవ శతాబ్దిలో, తనకు ముసలితనము పైబడినదని తెలిసికొని, తన యూరివారికే గాక దారినబోవు పరదేశులకును ఉపకరించునట్లు ఎపిక్యూరసు బోధను ఒక మంటపపు గోడ పొడవునను చెక్కించెను. ఆ శాసనమున సుమారు 25,000 పదము లుండెనని పండితుల యంచనా. 1884లో ఫ్రెంచివారు కనుగొన్నది మొదలు నేటివరకు దాని రాళ్లు ఒక్కటొక్కటిగా దొరకుచునే యున్నవి. ఇంతటి ఔదార్యము అరుదు. కాని గోడ యెదుట నిలిచి చదువుకొన్నవాడు తన కథ చెప్పుకొన దలచినచో వినువాడు లేడు. బోధించుటకును ఆలోచన చెప్పుటకును నడుమనున్న దూర మంతయు నిందే యున్నది.

రోములో ఈ వృత్తి గొప్పవారి యిండ్లలో కాలుపెట్టినది. మన సంస్థానములలో ఆస్థానకవి యున్నట్లు అచ్చట ప్రభువులకు ఇంటి తత్త్వవేత్త యుండెడివాడు. అగస్టసు చక్రవర్తి పత్ని లివియా, తన కుమారుడు డ్రూససు క్రీ.పూ. 9లో జర్మనీ దండయాత్రలో మరణించినప్పుడు, భర్తకు ఆప్తుడైన అరేయసు అను తత్త్వవేత్తతో మాటాడి ఉపశమనము పొందెనట. కొడుకు పోయి మూడేండ్లు గడచినను శోకమును విడువని మార్సియా యను స్త్రీకి రోమను తత్త్వవేత్త సెనెకా వ్రాసిన ఓదార్పుగ్రంథములో ఆ మాటలు సెనెకా కల్పనాశక్తితో మరల పలుకబడినవి. వానిలో నన్నాకట్టినది ధైర్యవచనము గాదు. నీవు లేనిచోట మే మందరము నీ కుమారుని గుణములను తలచికొని చెప్పుకొందుము, నీ యెదుట మాత్రము అతని పేరెత్తుటకు జంకి మౌనము వహింతుము అని అరేయసు ఆమెకు తెలియజెప్పును. శోకించువారి చుట్టు బంధుమిత్రులు ప్రేమతోనే కట్టు మౌనప్రాకారమును ఇంత స్పష్టముగ చూపినవాడు మనుష్యహృదయ మెరిగినవాడు.

ఈ యింటి తత్త్వవేత్త మరణముఖమునను తోడుండెడివాడు. కాలిగులా చక్రవర్తి యాజ్ఞచే వధ్యుడైన కానసు అను కులీనుడు, పది దినముల గడువు తీరి భటుడు పిలువవచ్చునప్పటికి పావులాట యాడుచుండెననియు, నేను పోయిన పిదప గెలిచితినని బొంకకుమని తోడి యాటగానితో చెప్పి లేచెననియు, వధ్యస్థానమునకు నడచుచుండగా వెంటవచ్చిన అతని తత్త్వవేత్త యిప్పుడేమి ఆలోచించుచున్నావని ప్రశ్నింపగా, ప్రాణము పోవు క్షణమున ఆత్మకు ఆ పోక తెలియునో తెలియదో గమనింప దలచితినని బదులిచ్చెననియు సెనెకాయే వ్రాసినాడు. ఆ వెంటవచ్చినవాని పేరు సెనెకా చెప్పలేదు. అతడు ఓదార్పు మాట యొక్కటియు పలుకలేదు. ఒక ప్రశ్న మాత్రము వేసెను.

మాటల బలమున కవధి యున్నదనుటకు రోమను వక్త సిసిరో సాక్షి. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో ప్రసవానంతరము కూతురు టుల్లియా మరణింపగా, ఆయన మొదట మిత్రుడు ఆట్టికసు ఇంటిలోనుండి, శోకోపశమమును గూర్చి పూర్వులు వ్రాసిన గ్రంథములన్నియు చదివి, పిమ్మట సముద్రపుటొడ్డున ఆస్టురాయందలి తన యింటికి పోయి, తన్ను తానే ఓదార్చుకొనుచు ఒక పుస్తకము వ్రాసెను. ఆ పుస్తకము నేడు లభింపదు. అప్పుడే గ్రీసునుండి సుల్పిసియసు అను మిత్రుడొక లేఖ వ్రాసెను. ఆసియానుండి మరలి వచ్చుచు ఓడమీద నిలిచి చూడగా, వెనుక ఎజినా, ముందు మెగారా, కుడివైపు పైరీయసు, ఎడమవైపు కొరింథు, ఒకప్పుడు వర్ధిల్లిన మహానగరములు కూలి పడియుండగా, అల్పాయుష్కులమైన మనలో నొకరు పోయిరని ఇంత కలతపడుట యేలనని తన్ను తాను ప్రశ్నించుకొంటినని యాతడు తెలిపెను. లేఖ అందమైనది, ఐనను నా కది శోకించువానికి వ్రాసిన లేఖగా కంటె సముద్రమును చూచి వ్రాసిన లేఖగా కనబడును. ఆ దినములలో సిసిరో ఆట్టికసునకు వ్రాసిన చిన్నచిన్న జాబులలో, చదివినదియు వ్రాసినదియు నొక గడియ ఉపకరించినను దుఃఖ మన్నింటిని మించియున్నదని కపటము లేక ఒప్పుకొనినాడు. ఆ వేసవిలోనే టస్కులములోని తన తోటయింట జరిగిన సంభాషణలుగా శోకమును, భయమును, మరణమును విచారించు అయిదు భాగముల గ్రంథమునకు పూనుకొనుటయు, ఆ ఒప్పుకోలును, ఒకే మనుష్యునివని మరువరాదు.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము ఎపిక్టెటసు పాఠశాలలోనిది. బానిసగా పుట్టి, విముక్తుడై, డొమిషియను చక్రవర్తి తత్త్వవేత్తలను రోమునుండి వెళ్లగొట్టినపుడు గ్రీసు పడమటితీరమున నికోపోలిసు చేరిన ఆ గురువు ఒక్క పుస్తకమును వ్రాయలేదు. శిష్యుడు ఆర్రియను వ్రాసికొన్నదియే మనకు మిగిలినది. ఒకనాడొక ప్రభుత్వోద్యోగి ఆయనను చూడవచ్చెను. నీకు భార్యాబిడ్డలు కలరా, వారితో నీ కెట్లున్నదని యడుగగా, దుర్భరముగా నున్నదనెను. ఏల? నా చిన్నకూతురు జబ్బుపడి ప్రాణాపాయస్థితిలో నున్నప్పుడు, ఆ యవస్థ చూడలేక ఇల్లువిడిచి పారిపోతిని. కుదుటపడినదని కబురు వచ్చువరకు మరలిపోలేదు. నీవు చేసినది యుక్తమని తోచునా? అది సహజము, తండ్రులందరమును అట్టివారమే. ఇచ్చట మనమైనచో పిరికివాడవని తిట్టుదుము, లేదా పోనిమ్మని వీపు తట్టుదుము. ఎపిక్టెటసు రెండును చేయలేదు. తల్లికి బిడ్డపై ప్రేమ యున్నదా? ఉన్నది. ఆమెయు విడిచి పోవలసినదేనా? కాదు. పెంచిన దాదికి? చదువు చెప్పువానికి? వారును ప్రేమచేతనే విడిచి పోయినచో, ప్రేమించువారే లేని చేతులలో ఆ బిడ్డ మరణింపవలసినదా? నీ వట్లు మంచమున పడియున్నప్పుడు నీ వారందరు అంత గాఢముగ ప్రేమించి నిన్ను ఒంటరిని జేసి పోవలెనని కోరుదువా? ఆ యుద్యోగి నోటినుండియే ఒక్కొక్క ఉత్తరము వచ్చును. కడపట, అతనిని పరుగెత్తించినది ప్రేమయు గాదు, రోగమును గాదు, అట్లు చేయుటయే మేలని యాతడు లోలోన ఏర్పరచుకొన్న నిర్ణయమే యని తేలును. ఆ సంభాషణలో కాఠిన్యము లేకపోలేదు. బిడ్డను విడిచి పారిపోయిన తండ్రి సిగ్గును మాన్పుట దాని గమ్యము గాదు. మరల అట్టి రాత్రి వచ్చెనేని అతడు మంచముకడ నిలువగలుగుట దాని గమ్యము.

వైద్యులలో ఈ విద్య నెరిగినవాడు గేలెను. క్రీ.శ. 192లో రోము నగరమున జరిగిన అగ్నిప్రమాదములో ఔషధములు, పనిముట్లు, స్వహస్తముతో సవరించుకొన్న గ్రంథములు కాలిపోయినను నీ వెట్లు దుఃఖింపకుంటివని యడిగిన మిత్రునికి ఆయన వ్రాసిన సమాధానము శతాబ్దులపాటు మరుగుపడి, 2005లో థెస్సలోనికీ యందలి యొక మఠముననున్న వ్రాతప్రతిలో దొరకినది.

తరువాత ఈ వృత్తి ఎందుకు అంతరించెనన్న ప్రశ్నకు సమాధానము క్లుప్తముగ చెప్పవచ్చును. క్రీ.శ. ఆరవ శతాబ్ది ప్రథమపాదమున కారాగారమున మరణమున కెదురుచూచుచు బొయీథియసు వ్రాసిన గ్రంథములో తత్త్వవిద్య స్త్రీరూపమున వచ్చి ఖైదీతో మాటాడును. పాశ్చాత్యప్రాచీనయుగమున ఆ ధోరణి కదియే చివరి మహాకృతి. ఆపై ఆత్మల సంరక్షణభారము క్రైస్తవ గురువులకు సంక్రమించెను. పాపనివేదనము వినువాడు కలిగెను, కాని అతని చేత విధినిషేధములు ముందే సిద్ధముగ నుండెను. విశ్వవిద్యాలయములు వెలసిన పిదప తత్త్వశాస్త్రము వ్యాఖ్యానమునకును వాదమునకును విషయమైనది. చదువుకొన్నవానికే యది, బాధపడువానికి గాదు.

నడుమ ఒక్క వెలుగు. బొహీమియా రాజ్యము కోల్పోయి హాలెండులో తలదాచుకొన్న రాజకుటుంబములోని ఎలిజబెత్తు, 1643లో తత్త్వవేత్త డెకార్టునకు లేఖ వ్రాసి, దేహము గాని ఆత్మ దేహమును ఎట్లు కదల్చునని యడిగెను. ఆ ప్రశ్నకు ఆయన తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోయెనని నా యభిప్రాయము. 1645లో ఆమె మందజ్వరముతోను పొడిదగ్గుతోను బాధపడుచున్నదని విని, దానికి మూలము మనోవేదనయేయని యూహించి, సెనెకా వ్రాసిన సుఖజీవనగ్రంథమును కలిసి చదువుదమని ఆయన సూచించెను. చదువుచుండగా సెనెకాయందు ఆయనకే తృప్తి కలుగలేదు. ఆమెయు శిష్యురాలివలె తలయూప లేదు. బుద్ధిబలముచే సుఖము సాధ్యమనుచున్నారు. బుద్ధినే హరించు వ్యాధు లున్నవి గదా, అట్టివారి గతి యేమని ప్రశ్నించెను. ఇట్టి ప్రశ్నలకు సమాధానము వెదకుచునే డెకార్టు మనోభావములను గూర్చిన గ్రంథమునకు పూనుకొనెను. 1649లో అది ప్రకటితమయ్యెను. సలహా కోరినవారే సలహాదారుని ఆలోచింపజేసిన ఉదాహరణ ఇంతకంటె గొప్పది నాకు కనబడదు.

పందొమ్మిదవ శతాబ్దాంతమునుండి మనోవ్యథ వైద్యశాస్త్రమునకు, మనోవిశ్లేషణకు వశమైనది. వ్యాధిపేరు, రోగి, చికిత్స అను మూడు మాటల చట్రము బలపడినది. ఆ చట్రమున ఇముడని మనుష్యుల కొరకు 1981లో గెర్డ్ ఆఖెన్‌బాఖ్ అను జర్మను తత్త్వవేత్త, కొలోను నగరమునకు తూర్పుననున్న బెర్గిష్ గ్లాడ్‌బాఖ్ పట్టణమున, వైద్యుడు చికిత్సాలయము తెరచినట్లు తత్త్వాలోచనాలయమును తెరచెను. వచ్చినవారిని ఆయన రోగులనలేదు, అతిథులనెను. ఉద్యోగమును విడుతునా, తల్లిని చూచుకొందునా, నేనింతకాలము నమ్మినది అబద్ధమా యని మథనపడువాడు జబ్బుమనిషి గాడనియు, అతని ప్రశ్నకు రోగనామము తగిలించుట అతని నోరు మూయుటయే యనియు ఆయన దృష్టి. ఇందులకొక నిర్ణీతపద్ధతి యేర్పరచుటకును ఆయన సమ్మతింపలేదు. మరుసటి యేట ఆ వృత్తికొక సంఘమేర్పడినది. ఆ 1981లోనే పారిసులో పియేర్ ఆడో ప్రకటించిన గ్రంథము, ప్రాచీనులకు తత్త్వశాస్త్రము సిద్ధాంతము గాక జీవనసాధన యని పాండిత్యపూర్వకముగ నిరూపించినది. ఒకటి వృత్తిగా, ఒకటి పరిశోధనగా, ఎడబాసినది ఒకేయేట మరల కనబడినది.

అటుపిమ్మట హాలెండు, ఇస్రాయేలు, అమెరికాలలో ఈ వృత్తి వ్యాపించెను. 1992లో పారిసునందు మార్క్ సోతే బాస్టీలు కూడలిలోని యొక కాఫీహోటలులో ఆదివారపు తత్త్వగోష్ఠులు ఆరంభించెను. 1994లో కెనడాదేశపు వాంకూవరులో ప్రథమ అంతర్జాతీయసభ జరిగెను. దానిని నిర్వహించిన ఇరువురిలో నొకడైన లూ మారినాఫ్ 1999లో ప్రకటించిన ‘ప్లేటో, నాట్ ప్రోజాక్’ అను పుస్తకము ఈ వృత్తిని సామాన్యపాఠకులకు పరిచయము చేసినది. అందలి అయిదు మెట్ల పద్ధతి ఉపయోగకరమే కావచ్చును. కాని మందుబిళ్లకు తత్త్వవేత్తను పోటీగా నిలుపు ఆ పేరు నాకు సమ్మతము గాదు. ఎలిజబెత్తు వేసిన ప్రశ్న ఇచ్చటను నిలిచియున్నది. వివేకమునే కమ్మివేయు మనోవ్యాధి కలవానికి వైద్యుడే ముందు కావలెను. ఆ తేడా గుర్తెరుగని తత్త్వవేత్త వలన హాని కలుగును.

మన దేశమున ఈ పేరుతో వృత్తి లేకున్నను, దీని స్వరూపము తెలియనిది గాదు. యోగవాసిష్ఠమున రాముడు తీర్థయాత్రనుండి మరలి వచ్చి, అన్నపానములయందును రాచకార్యములయందును విముఖుడై కృశించుచుండగా, విశ్వామిత్రుడు యాగరక్షణకై యాతని నడుగవచ్చును. సభకు పిలువబడిన రాముడు ఐశ్వర్యము, యౌవనము, ఆయువు, తృష్ణ అను వానిపై తనకు గలిగిన విరక్తిని విస్తరించి చెప్పును; తొలి ప్రకరణమున ప్రధానభాగ మదియే. సభలోని పెద్ద లెవ్వరును ఆతని మాటకు అడ్డుతగులరు; వసిష్ఠుని సుదీర్ఘబోధ అటుపిమ్మటగాని మొదలు గాదు. మడికి సింగన పదునైదవ శతాబ్దిలో దీనిని వాసిష్ఠరామాయణముగా తెనిగించెను గనుక, తెలుగు పాఠకుడు ఆ శ్రవణమర్యాదను తన భాషలోనే చవిచూడవచ్చును.

మన కాలమునకు వచ్చినచో, 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి కలడు. తన్ను జగద్గురువుగా నిలుపుటకై ఏర్పడిన తారకాసంఘమును 1929 ఆగస్టులో ఓమెన్ సభలో తానే రద్దుచేసిన ఆయన, గురుత్వమును నిరాకరించుచునే, తన్ను వెదకికొని వచ్చిన వేలకొలది మనుష్యులతో ఏకాంతమున మాటాడెను. 1956 మొదలు 1960 వరకు మూడు సంపుటములుగా వెలువడిన ‘కామెంటరీస్ ఆన్ లివింగ్’ ఆ సంభాషణల ఫలమే. వచ్చినవారి పేర్లందు లేవు. భర్త పోయినవారు, పదవికై తపించువారు, అసూయచే దహింపబడువారు, సన్న్యాసులు, ఉద్యోగులు ఒకరి వెనుక నొకరు వచ్చి కూర్చుందురు. నేనేమి చేయవలెనని యడుగుదురు. ఏమి చేయవలెనో ఆయన చెప్పడు. నీవు దుఃఖించునది పోయినవారి కొరకా, నీ యొంటరితనము కొరకా యన్నట్టి ప్రశ్నతో వారి చూపును వారిపైకే మరల్చును. సలహాదారుడను పేరును ఆయన అంగీకరించి యుండడు. ఐనను ఆఖెన్‌బాఖ్ గది తెరచుటకు ఇరువదేండ్లకు ముందే ఈ గ్రంథము లున్నవని తెలుగువారు గుర్తుంచుకొనదగును.

ఇంకొక్క మాట. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలై నాలుగు దశాబ్దులకు మించి మాలతీచందూర్ నడిపిన ‘ప్రమదావనం’ శీర్షికను వంటలకును గృహకృత్యములకును పరిమితమైనదిగా తలచుట పొరపాటు. ఎవరికిని చెప్పుకొనలేని సంగతులను తెలుగుస్త్రీలు అందు ఉత్తరములుగా వ్రాసి సమాధానము కోరిరి. వానిని తత్త్వగోష్ఠియని పిలువలేము. కాని సెనెకా లేఖలను, డెకార్టు లేఖలను చదువువారు ఏ ప్రశ్నలతో చదువుదురో ఆ ప్రశ్నలతోనే ఈ ఉత్తరములను, సమాధానములను చదువవలసియున్నది. ఆలోచన చెప్పుటయను ఆచారమునకు తెలుగుదేశపు చరిత్ర వ్రాయ బూనువారు వాసిష్ఠరామాయణపు ప్రతులతోబాటు, పాత గ్రంథాలయములలోని ఆ వారపత్రికల సంపుటములను గూడ మొదట చేతికి తీసికొనవలెను. కాగితము పెళుసుబారక ముందే ఆ పని జరుగవలెనని నా కోరిక.